పదిహేను డిగ్రీలు

జూన్ పదకొండు, బుధవారం. ఆసుపత్రి క్యాంటీన్‌లో రొట్టె ముక్కలు, ఉడికించిన గుడ్లు తిన్నాం. మేమంటే నేనూ, బొంగరమూ. నా పళ్ళెంలోది అలాగే ఉంది. ఆ అమ్మాయి తన వాటా ముగించి, నా పళ్ళెం కేసి చూసి, "బాబాయ్, ఇక్కడ మీరు తినకపోతే అక్కడ దాని మోకాలు అతుక్కోదు. తినండి," అంది. నేను ఒక ముక్క తుంచుకున్నాక మిగతాది తనే తినేసింది. ఎవరైనా నా పళ్ళెంలోంచి తీసుకుని తిని చాలా కాలమైంది. అంత దిగులులోనూ నాకది బాగుంది.

పైన మూడో అంతస్తులో నా కూతురి ఎడమ మోకాలికి ఆపరేషన్ జరుగుతోంది. తెగిపోయిన లిగమెంటు స్థానంలో తొడ వెనక నుంచి తీసిన పోగును బిగిస్తున్నారు.

బొంగరానికి వేరే పేరుంది. కోర్టులో ఒక్క చోట నిలవదని జట్టు పెట్టిన పేరే నిలిచిపోయింది. వాలీబాల్‌లో బంతిని లేపి ఇవ్వడం ఆమె పని. గాల్లోకి ఎగిరి దాన్ని అవతలి నేలకేసి కొట్టడం నా కూతురి పని. ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీలో, ఒకే ప్యాకింగ్ సెక్షన్‌లో ఉన్నారు. ఆ ఫ్యాక్టరీ జట్టులో ఆడతారనే వాళ్ళకి ఉద్యోగాలిచ్చారు. మే నెలలో ఒక మ్యాచ్‌లో నా కూతురు ఎగిరింది, దిగింది, పడిపోయింది. ఎవరూ తగల్లేదు. మోకాలిలో టప్పుమన్న చప్పుడు గ్యాలరీ దాకా వినపడిందని తర్వాత అందరూ అన్నారు. నాకు వినపడలేదు. నేను చప్పట్లు కొడుతున్నాను.

ఇంటికి పంపేటప్పుడు ఫిజియో మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. నలభై ఏళ్ళ మనిషి, లెక్కల టీచరులా మాట్లాడుతుంది.

"సార్, వంగడం దానంతటదే వస్తుంది. రానిదల్లా చాచడమే. కాలు చాపి పడుకుంటే మోకాలు వెళ్ళి మంచానికి ఆనాలి. అదీ సున్నా డిగ్రీలంటే. దిండు పెట్టాలనిపిస్తే మడమ కింద పెట్టండి. మోకాలి కింద మాత్రం చేతిరుమాలు కూడా వద్దు. అలా పెడితే హాయిగా ఉంటుంది. అందుకే వద్దంటున్నాను."

"అర్థమైందండీ," అన్నాను. నిజంగానే అర్థమైంది. ముప్పై ఏళ్ళు డ్రాయింగ్ సెక్షన్‌లో ఇళ్ళ ప్లాన్లు గీసినవాణ్ణి, డిగ్రీలంటే నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

జట్టు కోచ్ కూడా వచ్చి చూసి వెళ్ళాడు. అక్టోబర్ ఆఖరి శనివారం వచ్చే ఏడాది జట్టు జాబితా రాస్తారట. అప్పటికి ఈ పిల్ల పరుగు మొదలుపెట్టొచ్చని ఫిజియో కాగితం రాసిస్తే ఆమె చోటు ఆమెదే. "లేకపోతే..." అని ఆగి, మిగతాది నోటితో చెప్పకుండా కాలి కట్టు మీద మెల్లగా తట్టాడు. మంచివాడే.

మొదటి రెండు వారాలూ మా ఇల్లు ఇల్లులా లేదు. షిఫ్ట్ దిగగానే జట్టంతా వచ్చేది. గుమ్మం ముందు ఏడెనిమిది జతల బూట్లు. నా కూతురు మంచం మీద కాలు చాపుకుని తొడ కండరం బిగించి పట్టుకుంటే, చుట్టూ నిలబడి అందరూ ఒక్క గొంతుతో "ఒకటీ... రెండూ... మూడూ..." అని పది దాకా అరిచేవాళ్ళు. కింది వాటాలో ఉండే ఇంటావిడ ఒకరోజు మెట్లెక్కి వచ్చింది.

"ఏమండీ, పైన ఎన్నికల ప్రచారమా?"

"అవునాంటీ," అంది బొంగరం. "మా గుర్తు మోకాలు. మీ ఓటు మాకే వెయ్యాలి."

ఆవిడ నవ్వాపుకోలేక, తిట్టడానికొచ్చిన సంగతి మరిచిపోయి, రోగి కాళ్ళ దగ్గర కూర్చుని తనూ ఇరవై లెక్కపెట్టి వెళ్ళింది.

నేను నా పాత కోణమానిని బయటికి తీశాను. పెద్ద కాగితం మీద గళ్ళు గీసి గోడకి అంటించాను. మోకాలు ఏ రోజు ఎంత వంగిందో రోజూ కొలిచి ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టేవాణ్ణి. నలభై. అరవై. డెబ్బై ఐదు. తొంభై దాటిన రోజు పిల్లలు కేకు కోశారు, నా మూతికి కూడా పూశారు. నా భార్య పోయిన నాలుగేళ్ళలో ఆ ఇంట్లో అంత గోల జరగలేదు. ఆ గీత పైకి పోతుంటే అందరం దాన్నే చూశాం. కాలు ఎంత తిన్నగా చాచుకుంటోందో ఎవరం రాయలేదు. సున్నా దగ్గర ఉండాల్సిన దాన్ని రోజూ సున్నా అని ఎవరు రాసుకుంటారు?

జూలైలో మ్యాచ్‌లు మొదలయ్యాయి. ఒకరికి షిఫ్ట్ మారింది. ఇద్దరు బయటి ఊళ్ళో టోర్నమెంటుకి వెళ్ళారు. ఒకమ్మాయి, "రేపు తప్పకుండా వస్తానే," అని రోజూ ఫోన్ చేసేది. వాళ్ళ తప్పు లేదు. కాలికి బలపం కట్టుకు తిరిగే వయసు. గుమ్మం ముందు బూట్లు నాలుగు జతలయ్యాయి, రెండయ్యాయి, చివరికి ఒకటే మిగిలింది. వారానికి మూడు రోజులు బొంగరం మాత్రం వచ్చేది, చేతులకి అట్టపెట్టెల దుమ్ముతోనే.

జట్టు ఫొటోలు నా కూతురి ఫోన్‌కి వస్తుండేవి. ఆమె చోటులో ఒక పొడుగమ్మాయి నిలబడి ఉండేది. "బాగా ఎగురుతోంది నాన్నా," అని నాకు చూపించేది. అలాంటి రోజున వ్యాయామం మొదలుపెట్టడానికి గంట పట్టేది.

"ఇవాళ్టికి చాల్లే అమ్మా," అనేవాణ్ణి నేను.

"ఇంకా రెండు సార్లు ఉంది."

"రేపు కలిపి చేద్దువుగాని."

ఆ మాట అనేటప్పుడు నేను ఆమెకి మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

వారానికోసారి ఫిజియో దగ్గరికి వెళ్ళేవాళ్ళం. పక్క మంచం మీద ఒక పెద్దాయన, బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయినవాడు. మోకాలి చిప్ప మార్పించుకున్నాడు.

"మనవరాలా, మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు. నాది మానై, ఎండి, కలపకి కూడా పనికిరాకుండా పోయింది. నీకేమమ్మా, ఇంకా మొక్కవే."

"తాతగారూ, మీరు పదిహేను ఎగ్గొట్టి పదహారు అన్నారు. నేను విన్నాను," అనేది నా కూతురు.

"ముప్పై ఏళ్ళు స్టాపులు ఎగ్గొట్టినవాణ్ణి. ఒక్క అంకె ఎగ్గొడితే పట్టేసుకున్నావే!"

ఆ గదిలో ఆమె నవ్వేది. నొప్పి ఉన్నవాళ్ళ మధ్యలో నొప్పి కాస్త పలచబడుతుంది కాబోలు. కానీ జూలైలో మా ఫిజియో నెల రోజులు సెలవు పెట్టింది. ఆమె బదులు వచ్చినాయనకి పని ఎక్కువ. నేను తీసుకెళ్ళిన కాగితంలో ఎర్ర గీత చూసి, "బ్రహ్మాండంగా వంగుతోంది," అని సంతకం పెట్టి పంపేవాడు.

ఇక రాత్రుల సంగతి చెప్పాలి.

పగలంతా నా కూతురు పళ్ళ బిగువున ఉండేది. నిద్రలో మాత్రం మూలిగేది. పెద్దగా కాదు, కుక్కపిల్ల కలలో కుంయిమన్నట్టు. ఆ మూలుగు నేనెరుగుదును. ఆఖరి నెలల్లో నా భార్య అలాగే మూలిగేది. మోకాళ్ళ కింద చిన్న దిండు ఒకటి పెడితేనే ఆవిడకి కన్ను మూతపడేది. ఆ దిండు అల్మారాలో అలాగే ఉంది.

జూన్ ఆఖర్లో ఒక రాత్రి లేచి వెళ్ళి దాన్ని నా కూతురి మోకాలి కింద పెట్టాను. రెండు నిమిషాల్లో మూలుగు ఆగింది. నుదుటి మీద ముడత విడిపోయింది. మూడో తరగతిలో జ్వరం దిగిన రోజు ఎలా పడుకుందో అలా పడుకుంది. తెల్లవారుజామున ఆమె లేవకముందే వెళ్ళి తీసేశాను. మర్నాడు రాత్రి మళ్ళీ పెట్టాను. పగలు ఫిజియో మాట, రాత్రి నా మాట అనుకున్నాను. రెండు మాటలూ వినాల్సింది ఒకే మోకాలని తోచలేదు. తోచలేదనడం కూడా నిజం కాదు. తోచింది. అయినా పెట్టాను.

ఆగస్టు మొదటి వారంలో మా ఫిజియో సెలవు నుంచి వచ్చింది. నా కాగితం తీసుకుని, చూడకుండానే పక్కన పెట్టింది. "వంగడం సరే. చాచమ్మా," అంది. కొలిచింది. కొలబద్దని సర్ది మళ్ళీ కొలిచింది. అరచెయ్యి మోకాలి కిందకి పోనిచ్చింది. చెయ్యి మొత్తం దూరింది, ఇంకా ఖాళీ మిగిలింది.

"పదిహేను," అంది. "పదిహేను డిగ్రీలు తక్కువ. నేను వెళ్ళేటప్పుడు మూడుంది."

కొలబద్దని బల్ల మీద పెట్టింది.

"రాత్రిళ్ళు మోకాలి కింద ఏమైనా పెట్టుకుంటున్నావా?"

"లేదు మేడమ్. మీరు చెప్పారుగా. ఒట్టు."

ఫిజియో నా వైపు తిరిగింది. "సార్?"

నేను కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాను. మసకగా ఏమీ లేదు. తుడుస్తూనే ఉన్నాను.

"అయితే చాచే వ్యాయామాలు ఎగ్గొడుతున్నావన్నమాట," అంది ఆమె నా కూతురితో.

"లేదు మేడమ్, చేస్తున్నాను."

"చేసేవాళ్ళ మోకాలు ఇలా ఉండదమ్మా."

పక్క మంచం మీద డ్రైవరు ఎప్పుడూ లెక్క పైకి చెప్పేవాడు. ఆ పూట మనసులోనే పెట్టుకున్నాడు.

ఈ సంగతి మర్నాడు బొంగరానికి తెలిసింది. నేను వంటింట్లో టీ పెడుతున్నాను. ముందుగదిలో మాటలు మామూలుగానే మొదలై పైకి లేచాయి.

"నేను షిఫ్ట్ దిగి, ఇంటికైనా పోకుండా ఇక్కడికి ఎందుకొస్తున్నానే? నేనున్నంతసేపూ చేసి, నేనటు వెళ్ళగానే ఫోన్ పట్టుకోవడానికా?"

"చేస్తున్నాననే చెప్తున్నా. ఒట్టేసి చెప్పినా నమ్మవా?"

"ఒట్లు మోకాలికి వినపడవు. కోచ్‌తో ఏం చెప్పానో తెలుసా? దానంత మొండిది లేదు, తిరిగొచ్చి తీరుతుందని చెప్పాను. నా మాట పోయింది."

"నీ మాట పోయిందా? నా కాలు పోతోందే ఇక్కడ!"

"పోగొట్టుకుంటున్నావు."

"అవునులే. నీకేం? బంతి లేపివ్వడానికి కొత్తది దొరికింది."

నేను అప్పటికే మూడు కప్పుల్లో టీ పోశాను. పది అడుగులు వేసి ముందుగదిలోకి వెళ్ళి ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. టీ మీద మీగడ కట్టడం చూస్తూ నిలబడ్డాను. వీధి తలుపు పెద్ద చప్పుడుతో పడింది. రెండు కప్పులే పట్టుకుని వెళ్ళాను.

ఆ రాత్రి నుంచి దిండు పెట్టలేదు. ఆమె మూలిగేది, నేను నా గదిలో పడుకుని వినేవాణ్ణి. పగలు ఆమె వ్యాయామం రెట్టింపు చేసింది. బోర్లా పడుకుని, కాళ్ళు మంచం అంచు బయటికి వేలాడేసి, మడమకి ఇసుక సంచి కట్టుకునేది. ఆ బరువుకి మోకాలు తిన్నబడాలి. నొప్పికి దుప్పటి పళ్ళ మధ్య పెట్టుకునేది. లెక్క నన్ను పెట్టమనేది. ఇంకెవరూ లేరు.

నాలుగో రోజో అయిదో రోజో, అలా బోర్లా పడుకునే, తల దిండులోంచి ఎత్తకుండా అడిగింది.

"నాన్నా, అందరూ అంటున్నారంటే ఏదో ఉంటుంది కదా. చేస్తున్నాననుకుంటూ నేను చెయ్యట్లేదేమో. మనసులో ఎక్కడో భయపడి సగమే చాస్తున్నానేమో. నువ్వు రోజూ పక్కనే ఉండి చూస్తున్నావు. నిజం చెప్పు, నేను దొంగపని చేస్తున్నానా?"

అప్పుడు చెప్పాను. అంతా చెప్పాను. అల్మారా, దిండు, తెల్లవారుజాము. నేను లెక్కపెట్టడం ఆపి మాట్లాడుతున్నాను. ఆమె మడమలు గాల్లో సన్నగా వణుకుతున్నాయి. ఎడమది కుడిదాని కన్నా నాలుగు వేళ్ళు ఎత్తులో ఉంది.

"ఎన్ని రాత్రులు?"

"జూన్ ఆఖరు నుంచి."

ఆమె మనసులో కూడుకుంటున్నట్టుంది. "మరి మొన్న మేడమ్ అడిగినప్పుడు?"

"నోరు పెగల్లేదమ్మా."

ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. దేనికైనా సిద్ధంగా ఉన్నాను.

"లెక్క ఎంతదాకా వచ్చింది?" అంది.

"నలభై రెండు."

"నలభై మూడు నుంచి చెప్పు."

చెప్పాను. రెండు వందల దాకా చెప్పాను.

మర్నాడు సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాను. బొంగరం నన్ను చూసి, దాటిపోబోయి, ఆగింది. నేను చెప్పిందంతా ఆ గేటు పక్క గోడకి ఆనుకుని వింది. ఆమె చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా ఉంది. మూత తీస్తూ వేస్తూ ఉంది.

"ఇప్పుడా బాబాయ్ చెప్పేది?"

"ఇప్పుడే అమ్మా."

"నేను దాన్ని ఎన్నేసి మాటలన్నాను..." డబ్బా మూత బిగించింది. "మీ మీద కోపం తెచ్చుకుందామంటే రావట్లేదు. అదే నాకు కోపం."

ఆదివారం బొంగరం మా ఇంటికి వచ్చింది. ఇద్దరూ క్షమాపణలు చెప్పుకోలేదు. "జరుగు," అని ఆమె మంచం మీద కూర్చుని మడమ పట్టుకుంది. "పట్టుకో," అని ఈమె కాలిచ్చింది. ఫిజియోకి కూడా నేనే వెళ్ళి చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. "మీరొక్కరే కాదు సార్. నొప్పి చూడలేని ఇళ్ళన్నిటా ఒక దిండు ఉంటుంది," అంది. తర్వాత, "మొదటి ఆరు వారాలూ మెత్తని మట్టి సార్. ఇప్పుడు ఇటుక," అంది. ఆ మొదటి మాటే నాకోసం, రెండోది నిజం కోసం చెప్పింది.

సెప్టెంబరంతా రోజుకి నాలుగు సార్లు చేశారు. పదిహేను పదమూడైంది, పన్నెండైంది. అక్కడ ఆగింది. గోడ మీది కాగితంలో కింద కొత్త గీత ఒకటి గీశాను. అది మూడు వారాలు అంగుళం కూడా దిగలేదు. డాక్టరు చూసి, గాయం మానేటప్పుడు లోపల గట్టిగా పేరుకున్న మచ్చకండని ఇంకో ఆపరేషన్‌తో గోకి తీయొచ్చన్నాడు. "ఎంత తిన్నబడుతుందండీ?" అంటే, "చెప్పలేను. మళ్ళీ పేరుకోవచ్చు కూడా," అన్నాడు. ఏదైనా వచ్చే ఏడాదే అన్నాడు. అక్టోబర్ ఆఖరి శనివారానికి అప్పటికి మూడు వారాలుంది.

డ్రైవరు ఆఖరిసారి వచ్చిన రోజు కర్ర లేకుండా గదిలో అటూ ఇటూ నడిచి చూపించాడు. అందరం చప్పట్లు కొట్టాం. నా కూతురు కూడా కొట్టింది. ఆయన వచ్చి ఆమె మంచం అంచున కూర్చున్నాడు.

"నా కాలు బస్సెక్కితే చాలు మనవరాలా, దానికి తగ్గట్టు బాగుపడింది. నీది గాల్లోకి ఎగరాలి. మనిద్దరి టికెట్టూ ఒకటి కాదు. అందుకని నన్ను చూసి నువ్వు చిన్నబుచ్చుకోకు."

"లేదు తాతగారూ," అంది. ఆయన వెళ్ళాక చాలాసేపు గోడవైపు చూస్తూ కాలు చాచింది.

ఫిజియో కాగితం రాసిచ్చింది. "నడవగలదు. మెట్లు ఎక్కగలదు. పరుగు, గెంతడం ఇప్పుడు వీలుకాదు." అబద్ధం రాయమని నేను అడగలేదు. అడిగితే రాసేది కాదు. కానీ రాస్తున్నంతసేపూ ఆమె తల ఎత్తలేదు.

ఆ శనివారం సాయంత్రం జాబితా ఫోన్‌లోనే వచ్చి ఉండేది. బొంగరం దాన్ని జట్టు ఫోన్ గ్రూపులో ఎవరినీ పెట్టనివ్వకుండా, తానే చెప్పడానికి వచ్చింది. వానలో తడిసి వచ్చింది. బూట్లు విప్పి, తువ్వాలు ఇచ్చినా తుడుచుకోకుండా నిలబడింది.

"పదమూడు మందిని రాశారు," అంది.

"నీ పేరుందా?" అడిగింది నా కూతురు.

"ఉంది."

"మరి ఏడుస్తావేంటే, మొద్దూ."

"నువ్వు ఏడవట్లేదుగా. ఎవరో ఒకరు ఏడవాలి."

నా కూతురు తువ్వాలు తీసుకుని ఆమె తల తనే తుడిచింది. ప్యాకింగ్‌లో ఎనిమిది గంటలు నిలబడాలి కాబట్టి, నా కూతుర్ని స్టోరు గదిలో కుర్చీ పనికి మారుస్తామన్నారట. సామాను లెక్కలు రాసే పని. అది కూడా ఇవ్వక్కర్లేదు వాళ్ళు. కోచ్ వెళ్ళి మాట్లాడాడట. "మంచిదే," అంది నా కూతురు. "మంచిదే," అన్నాను నేనూ. ముగ్గురం టీ తాగాం. ఆటల గురించి ఎవరం మాట్లాడలేదు. వాన తగ్గాక బొంగరం వెళ్ళిపోయింది. మంగళవారం వస్తానంది. వస్తుంది కూడా. ఆ తర్వాత మళ్ళీ మ్యాచ్‌లు మొదలవుతాయి.

కప్పులు కడిగి వచ్చేసరికి నా కూతురు మంచం మీద కూర్చుని కాలి వైపు చూసుకుంటోంది. రోజూ ఆఖరి విడత వ్యాయామం చేసే వేళ అది. నేను అలవాటుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మొదలుపెట్టనా?" అన్నాను.

ఆమె లేచి, ఆ ఒక పక్కకి ఒరిగే నడకతో వంటింట్లోకి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి, నా గదిలో నా మంచం పక్క బల్ల మీద పెట్టింది. రాత్రి నాకు దాహమేస్తుందని ఇదివరకు రోజూ తనే పెట్టేది. ఆ ఆరు నెలల్లో ఎవరూ పెట్టలేదు. పెట్టించుకోవడం నేనూ మరిచిపోయాను.

"రేపటి నుంచి లెక్క నేనే పెట్టుకుంటాలే నాన్నా."

"నాకేం కష్టం లేదమ్మా."

"తెలుసు," అంది. "నువ్వు పడుకో."

నా గది గుమ్మం దగ్గర నిలబడి చూశాను. ఆపరేషన్ అయిన నాటి నుంచి ఆమె గది తలుపు రాత్రిళ్ళు బార్లా తీసే ఉండేది, పిలిస్తే నాకు వినపడాలని. ఆమె లోపలికి వెళ్ళి, చప్పుడు కాకుండా పిడి తిప్పి పట్టుకుని, నెమ్మదిగా, పూర్తిగా, తలుపు మూసుకుంది.